మొలక లేని పచ్చిక

చెంచులక్ష్మికి చాదస్తం జాస్తి అని ఆ కొండ మీద అందరికీ తెలుసు. అందరూ అంటే ముగ్గురే. ఆమె, ఆమె తమ్ముడు ఓబులేసు, వంటా శుభ్రమూ చూసుకునే జసులీ. హిమాలయాల్లో నాలుగు వేల మీటర్ల పైన, చెట్టన్నది మొలవని ఎత్తులో, మూడు రాతి గదులూ ఒక ఇనుప గదీ ఉన్న ఆ పరిశోధన కేంద్రంలో జులై మొదటి వారం నుంచీ ఆ ముగ్గురే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడుపుతున్నారు.

ఆమె చాదస్తమంతా గింజల గురించి. బూటు అడుగున, ప్యాంటు మడతలో, జేబు మూలలో ఎక్కడో ఒక కలుపు గింజ దాక్కుని ఇనుప గదిలోకి పోతుందని ఆమె భయం. ఆ భయంలో అన్యాయమేమీ లేదు. ఆ గదిలో బయటి రోజొకటి లోపల ఏడాది అవుతుంది. ఈ రోజు పడిన గింజ వచ్చే వారానికి ఏడేళ్ల పొద అయి కూర్చుంటుంది. పదకొండేళ్లు కష్టపడి ఆ గదిని ఆమే కట్టింది. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. కిటికీ లేదు, ఎందుకంటే ఎక్కడ సందు ఇచ్చినా కాలం అక్కణ్ణుంచే కారిపోతుంది. లోపల నేల మీద కొండ వాలు నుంచి కోసుకొచ్చిన పచ్చిక ముక్క ఉంది. దాని మీద దీపాలు పగలూ రాత్రీ చేస్తాయి, చలియంత్రం ఋతువులు మారుస్తుంది. లోకం ఎంత వేడెక్కుతుందని లెక్కలు చెబుతున్నాయో, ఏటా అంత వేడిని ఆ గది పెంచుకుంటూ పోతుంది. అరవై ఏళ్ల తర్వాత ఈ కొండ మీద ఏం మిగులుతుందో అరవై రోజుల్లో చూడాలన్నది సంకల్పం.

ఆ ఉదయం యాభై ఆరో రోజు. గదిని మామూలు కాలానికి దించి, తలుపు తెరిచి, ఓబులేసును లెక్కకు పంపే ముందు ఆమె చెయ్యి చాపింది.

"జేబులు చూపించు."

"ఏందక్కా, నేనేమన్నా ఎయిర్‌పోర్టులో ఉండానా?"

"ఆ ఎడమ జేబులో ఏముంది?"

"చిక్కీ. నువ్వులది. ఆకలైతే తిందామని."

"నాలుగ్గంటలు ఆగలేవా? దాన్నుంచి నువ్వుగింజ ఒకటి రాలిందనుకో..."

"ఈ చలిలో నువ్వులు మొలుస్తాయా? నువ్వు చదివింది ఫిజిక్సు, బాటనీ చదివింది నేను," అన్నాడు నవ్వుతూ. కానీ చిక్కీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. అక్కతో వాదించి గెలిచిన పాపాన ఎన్నడూ పోలేదు వాడు. బూట్లు విప్పి తలుపు పక్కనున్న చెక్క మీద పెట్టి, ఉతికిన ఉన్ని మేజోళ్లు తొడుక్కున్నాడు.

బూట్ల చెక్క కూడా ఆమె ఏర్పాటే. చెక్క మీద బూట్లుంటే మనిషి లోపలున్నట్టు, లేకపోతే బయటికి వచ్చినట్టు. బూట్లు లేకుండా ఆ రాళ్ల మీద ఎవరూ పదడుగులు వేయలేరు కాబట్టి, గంటకన్నా రిజిస్టరు కన్నా అదే నమ్మకమని ఆమె లెక్క. యాభై ఐదు రోజులూ ఆ లెక్క తప్పలేదు.

"అక్కా, ఒక మాట," అన్నాడు ఓబులేసు గడపలో ఆగి. "ఈసారి రెండ్రోజులు టైమియ్యి."

"ఎందుకు?"

"దిండుమొక్కలు మొదటి రోజు నలభై ఒకటి. నిన్నటికీ నలభై ఒకటే. ఒక్కటి పోల్యా, ఒక్కటి రాల్యా. పక్క నుంచి గడ్డి ఎక్కొస్తాంది, మరుగుజ్జు పొదలు ఎక్కొస్తాండాయి, వీటికి మాత్రం ఏమీ కాలేదంటే నాకు నమ్మకం కుదరడంల్యా. బోర్లా పండుకోని భూతద్దంతో అంగుళం అంగుళం మొలకల కోసం చూడాల. మొలక ఆవగింజంత ఉంటాది. నాలుగ్గంటల్లో సగం గూడా కాదు."

దిండుమొక్కలంటే ఆ ఎత్తుల్లో నేలకు కరుచుకుని గుండ్రంగా, గట్టిగా, చిన్న దిండులా పెరిగే మొక్కలు. పిడికెడంత కావడానికే యాభై ఏళ్లు పడుతుంది. ఈ నలభై ఒకటీ పెరిగిన కొండవాలు మొన్న జులై వానలకు జారి లోయలో పడిపోయింది. ఆ చుట్టుపక్కల ఇక అవి మిగిలింది ఆ ఇనుప గదిలోనే. ఈ ప్రయోగాన్ని పర్యవేక్షించే ఢిల్లీ కమిటీవాళ్లకు మాత్రం నలభై ఒకటనే అంకె తెగ నచ్చింది. పచ్చిక వేడిని తట్టుకుంటోందని, గింజలు సేకరించి ఇంకా ఎత్తైన కొండలకు మోసుకుపోయే పథకం అవసరమే లేదేమోనని అప్పుడే ఉత్తరం రాశారు.

"మంచు పడి దారి మూసుకునే లోపల అరవై పూర్తవ్వాలి. పదకొండింటికి బయటికి రా. ఒక్క నిమిషం ఎక్కువ లేదు," అంది చెంచులక్ష్మి.

"సరేలే," అన్నాడు వాడు. తలుపు దానంతటదే మూసుకుంది. గది వేగంలో ఉన్నంతసేపూ అది లోపలి నుంచి తెరుచుకోదు.

పదకొండు దాటి రెండు నిమిషాలకు ఆమె వచ్చి చూసింది. చెక్క మీద బూట్లు లేవు. చెప్పిన మాట ప్రకారం బయటికొచ్చి, ఎప్పటిలాగే పైకొండ మీది మొక్కల్ని చూడటానికి పోయాడనుకుంది. మనసులో కాస్త మెచ్చుకుంది కూడా. చెవులకు మఫ్‌లు తగిలించుకుని మీట నొక్కింది. కంప్రెసర్లు గర్జించడం మొదలెట్టాయి. పది నిమిషాలకు గది పూర్తి వేగం అందుకుని గర్జన సద్దుమణిగాక మఫ్‌లు తీసింది.

అప్పుడు తలుపు వైపు నుంచి సన్నటి కూత వినిపించింది. కీచుమని, ఆగి, మళ్లీ కీచుమంది. మళ్లీ ఆగింది. పావుగంటలో అలా ఇరవై సార్లన్నా వినిపించి ఉంటుంది. ఆమె లాగ్ బుక్ తెరిచి పద్ధతిగా రాసింది: "తలుపు వైపు బేరింగ్ కూస్తోంది. రేపు గ్రీజు పెట్టాలి."

అది రాసి, వంటింటికి దిగింది.

జసులీ అన్నం, ఉర్లగడ్డ కూర చేసి పెట్టింది. చెంచులక్ష్మి తమ్ముడి కోసం కాసేపు చూసింది. పైకొండ ఎక్కితే వాడికి వేళాపాళా ఉండదు. ఆకలి ఆగక కూర్చుని, అమ్మ పంపిన గోంగూర ఊరగాయతో రెండోసారి కూడా వడ్డించుకుని తింది. ఎండ బాగా కాసింది. కడుపు నిండాక కమిటీకి రాయాల్సిన ఉత్తరం తెరిచి నాలుగు వాక్యాలు రాసి, రెండు కొట్టేసింది. పన్నెండున్నరకు కాసేపు ఎండలో నిలబడదామని పెరట్లోకి వచ్చింది.

గోడ మీద ఎండలో ఓబులేసు బూట్లున్నాయి. నాలుకలు బయటికి లాగి, లేసులు విప్పి, శుభ్రంగా ఆరబెట్టి ఉన్నాయి.

"జసులీ, ఇవి ఇక్కడెందుకున్నాయి?"

"నిన్న మీరే కదా దీదీ కోప్పడ్డారు, అడుగున గింజలున్నాయని," అంది జసులీ హిందీలో, బ్రష్షు చూపిస్తూ. "పొద్దున్నే చెక్క మీంచి తెచ్చి బాగా తోమాను. భయ్యా లోపల ఉన్నాడు కదా, వచ్చేలోగా ఆరిపోతాయని."

చెంచులక్ష్మికి ముందు అర్థమైంది ఆ కూత. మనిషి ఇనుప తలుపును పిడికిళ్లతో బాదితే, ఆ బాదుడు మూడు వందల అరవై ఐదు రెట్లు వేగంగా వినిపిస్తే, అచ్చం బేరింగ్ కూసినట్టే ఉంటుంది.

పరుగెత్తింది. ఆ ఎత్తులో పరుగెత్తితే ఊపిరి అందదు. వంటింటి నుంచి ఇనుప గదికి ఎగువ దారి. నాలుగు నిమిషాలు పట్టింది. బయటి నాలుగు నిమిషాలు లోపల ఒక రోజని ఆమెకు పరుగులోనే లెక్క తేలింది. లెక్క వద్దనుకున్నా తేలుతూనే ఉంది. ఎక్కడమ్మా ఈ లెక్కలు నేర్చుకున్నాను అని తన తల తాను కొట్టుకోవాలనిపించింది. పన్నెండున్నర దాటి నాలుగు నిమిషాలు. లోపల ఇరవై మూడో రోజు. నీళ్లు ఉన్నాయి, దీపాల కింద మంచు తుంపర పడుతూనే ఉంటుంది. తిండి లేదు. చిక్కీ తన బల్ల మీద ఉంది.

స్విచ్‌ల ముందు నిలబడింది. రెండే దారులున్నాయి. గదిని నెమ్మదిగా దించడం ఒకటి. దానికి ఇరవై ఐదు నిమిషాలు కావాలి, లోపల మూడు రోజుల పైనే అవుతుంది. ఎర్ర పిడి లాగడం ఇంకొకటి. లాగితే కాలం ఒక్కసారిగా ఆగి తలుపు వెంటనే తెరుచుకుంటుంది. మనిషికి ప్రమాదం లేదు. మహా అయితే ముక్కు వెంట కాస్త రక్తం కారుతుంది. కానీ మట్టిలోని నీరు ఒక్క క్షణంలో గడ్డకట్టి పగిలి వేళ్లన్నీ తెగిపోతాయి. పోయినేడు కరెంటు పోయి అలాగే ఆగినప్పుడు మొదటి పచ్చిక ముక్క సాయంత్రానికల్లా బూడిద రంగుకి తిరిగింది. ఆ రోజు ఓబులేసు అన్నం ముట్టలేదు. రెండో ముక్క తెచ్చి పరిచిన నాడు ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. ఏమన్నా కానీ, ఎర్ర పిడి మాత్రం లాగొద్దక్కా, ఇంకో ముక్క లేదు మనకు, అని.

గోడ గడియారంలో సెకన్ల ముల్లు కదులుతోంది. ఆమె ఒక్క సెకను ఆలోచిస్తే వాడికి ఆరు నిమిషాలు. నీళ్లుంటే మనిషి నెల రోజులు బతుకుతాడు. వాడు గట్టివాడు. కానీ లోపల మూణ్ణాలుగు రోజులుగా మంచు పడుతూ ఉండాలి, సెప్టెంబరు సగం దాటింది అక్కడ. మూడు రోజులే కదా. మూడు రోజులకు వాడే వచ్చి, పచ్చిక బతికింది కదక్కా అంటాడు. లాగితే జీవితాంతం మొహం చూడడు. ముల్లు ఇరవై సెకన్లు తిరిగింది, లోపల రెండు గంటలు గడిచిపోయాయి. ఇంక ఆలోచించడమే పాపమనుకుని, చలియంత్రం ఆపేసి, గదిని నెమ్మదిగా దించే మీట నొక్కింది.

తర్వాతి ఇరవై ఐదు నిమిషాలు ఆమె తలుపుకు చెవి ఆనించి కూర్చుంది. వేగం తగ్గేకొద్దీ లోపలి చప్పుళ్లు మనిషి చేసినట్టుగా వినిపిస్తాయని ఆమెకు తెలుసు. నీళ్లు కారుతున్న చప్పుడు వినిపించింది. ఒకసారి లోపల ఏదో చెక్క కిర్రుమంది. జసులీ పక్కనే నిలబడి ఆ బూట్లను కొంగులో పెట్టుకుని ఏడుస్తోంది. ఊరుకో అని ఆమె ఒకసారి కసిరింది. ఇంకాసేపటికి చప్పుళ్లు కూడా ఆగిపోయాయి.

ఒంటి గంటకు ఒక్క నిమిషం ముందు తలుపు తెరుచుకుంది.

ఓబులేసు పచ్చిక మీద లేడు. పచ్చిక తొక్కకుండా లెక్క పెట్టడానికి వేసిన పలక మీద, గోడ వైపుకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. మంచు సగం కరిగి వీపు తడిసింది. నెల గడ్డం పెరిగింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది కానీ ఇంకా బిగుసుకోలేదు. చెంచులక్ష్మి వాణ్ని పేరు పెట్టి పిలిచింది. కుదిపింది. చెంప మీద కొట్టింది. జసులీ వచ్చి రెండు చేతులూ పట్టుకునేదాకా కొడుతూనే ఉంది.

పలక అంచున పెన్సిలుతో గీతలున్నాయి. దీపాలు వెలిగినప్పుడల్లా ఒకటి గీసినట్టున్నాడు. ఇరవై ఐదు. ఆమె స్విచ్ దగ్గర నిలబడి ఆలోచించిన రోజుది ఇరవై మూడోది. ఆ తర్వాత వాడు ఇంకో రెండు గీశాడు. ఆఖరుది వంకరగా పోయింది, కానీ గీశాడు.

లెక్క కాగితాలు నడుముకు కట్టుకున్న సంచిలో మడిచి ఉన్నాయి. మొదటి పేజీల్లో అక్షరాలు ఎప్పటిలాగే ముత్యాల్లా ఉన్నాయి.

"మూడో రోజు. అక్కా, తలుపు కొట్టి కొట్టి చేతులు పోయినాయి. తప్పు నాదే, నువ్వు చెప్పిన టైముకి రాకుండా ఇంకొక్క మూల చూద్దామని ఉండిపోతి. నీకు ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తాది. వస్తావు. నీళ్లుండాయి. కంగారు పడొద్దు.

"తొమ్మిదో రోజు. నేనడిగిన టైము దొరికింది చూడు. పచ్చికంతా అంగుళం అంగుళం రెండుసార్లు చూసినా. మొలక ఒక్కటి గూడా లేదు. యాభై ఆరేండ్లలో ఒక్కటి లేదు. ఈ నలభై ఒకటీ మనం మోసుకొచ్చినప్పటి ముసలివే. గింజ రాలుతాంది, గడ్డి నీడ పడి కుళ్లిపోతాంది. వీటి ఆయుష్షు పెద్దది కాబట్టి అంకె మారల్యా, అంతే. కమిటీవాళ్లకు చెప్పు. ఇవి తట్టుకోవడంల్యా. ఇంకా పడిపోలేదు, అంతే.

"పదకొండో రోజు. ఆకలికి రెండు దిండుమొక్కలు పీకి తిన్నా. బంకా ఇసకా. కడుపులో నిలవల్యా. ఇంక ముప్పై తొమ్మిదని రాసుకో, మళ్లా లెక్క తప్పిందని నన్ను తిడతావు.

"పద్నాలుగు. అక్కా, నువ్వొస్తే ఎర్ర పిడి లాగేయి. నేను వేయించుకున్న ఒట్టు తీసి గట్టున పెట్టు. ఇక్కడ కాపాడుకోవాల్సింది ఏమీ ల్యా. ఆలోచించొద్దు, లాగేయి."

ఆ తర్వాతి పేజీల్లో అదే మాట ఉంది. లాగేయి. పేజీకొకటి చొప్పున, అక్షరాలు పెద్దవై, వదులై, చివరి పేజీలో లా ఒక్కటే ఉంది.

చెంచులక్ష్మి ఆ కాగితాలు చదివి, లేచి, ముప్పై తొమ్మిది దిండుమొక్కల్ని చూసింది. ఒక్కటీ వాడలేదు. ఆకుపచ్చగా, గుండ్రంగా, కరిగిన మంచు నీళ్లతో తళతళలాడుతున్నాయి. 

ఓబులేసును సొంతూరు నంద్యాలకు తెచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. కేంద్రం వాళ్లు ఇచ్చిన కాగితంలో ప్రమాదం పదకొండు గంటలకూ ఒంటి గంటకూ మధ్య జరిగిందని ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. వచ్చినవాళ్లందరికీ బంధువుల్లో ఒక పెద్దాయన అదే చదివి వినిపించారు. రెండు గంటల్లో అంతా అయిపోయిందట, వాడికి ఏమీ తెలిసి ఉండదు అని చెప్పుకుని అందరూ కాస్త ఊరట పడ్డారు. చెంచులక్ష్మి కూడా దారి పొడుగునా అదే మాట నోట్లో నానబెట్టుకుంటూ వచ్చింది. అమ్మ అడిగితే చెప్పడానికి.

అమ్మ ముప్పై రెండేళ్లు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసింది. బిడ్డకు తానే నీళ్లు పోస్తానని అందర్నీ గది బయటికి పంపించింది. కూతుర్ని మాత్రం ఉండమంది. గుడ్డ తీసి చాలాసేపు చూసింది. పక్కటెముకల మీద చెయ్యి పెట్టింది. పొట్ట ఎంత లోపలికి పోయిందో అరచేత్తో కొలిచింది. గడ్డం నిమిరింది. వేళ్లు ఒక్కొక్కటీ పైకెత్తి గోళ్లు చూసింది, పిడికిళ్ల మీద మాని నల్లబడిన గాయాలు చూసింది.

"మొన్న ఆదివారం ఫోన్‌లో మాట్లాడినాడు గదే," అంది. "మొగం నున్నగా ఉండె."

చెంచులక్ష్మి చెంబు తీసి నీళ్ల బిందె పక్కన పెట్టింది.

"రెండు గంటలు అంటాండారు బయట."

"అవును మా."

"నాకు చెప్పొద్దు ఆ మాట. ఆకలికి పోయిన మనుషుల్ని నేను చూళ్లేదా?" అమ్మ గొంతు పెంచలేదు. వార్డులో రోగి బంధువుల్ని అడిగినట్టే అడిగింది. "ఎన్ని దినాలు?"

నానబెట్టుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. "ఇరవై ఐదు."

"నువ్వు యాడుంటివి?"

"బయటనే మా. తలుపుకి ఇవతల."

"ఏం చేస్తాంటివి?"

చెంచులక్ష్మి తమ్ముడి కాళ్ల వైపు చూస్తూ చెప్పింది.

"అన్నం తింటాంటి."

అమ్మ చెంబుతో గోరువెచ్చని నీళ్లు ముంచి వాడి నోటి దగ్గర పెట్టబోయి, ఆగి, తల మీద పోసింది.